సూటిగా చూడని సైనికులు

"ఇది గుర్రమా, స్కూటరా?"

ఆమె నాతో అన్న మొదటి మాట అది. ఏమంత గొప్ప మాట కాదని నాకూ తెలుసు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. కార్లకు సొట్టలు తీసి రంగులు కొట్టే షెడ్డులో పని. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి అందులో చేరాను. చదువు రాకపోయినా చెయ్యి మాత్రం కుదిరింది. పళ్ళ డాక్టరుగారు ఒకాయన, తన కారు తలుపు మీద నేను గీసిన వెంట్రుకంత సన్నటి గీత చూసి మురిసిపోయాడు.

"చెయ్యి వణకదటోయ్ నీకు?"

"వణికితే మా ఓనరు ఊరుకోడు సార్."

మర్నాడు ఒక అట్టపెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. తెరిచి చూస్తే బొటనవేలంత సీసపు గుర్రాలు ఇరవై. వాటి మీద కూర్చోవాల్సిన ఇనప చొక్కాల వీరులు ఇరవై మంది.

"ఎవరికండీ, మీ మనవలకా?"

"నాకే."

"మీకా?"

"మేం ఆదివారాలు యుద్ధాలు చేసుకుంటాంలే. ఎగాదిగా చూడకుండా రంగులెయ్యి."

వేశాను. నా దగ్గరున్నవి కార్ల రంగులు. ఎర్ర గుర్రాలకు మెటాలిక్ చెర్రీ రెండు పూతలు, పైన మెరుపుకి క్లియర్ వార్నిష్. అద్దంలో చూసుకుని తల దువ్వుకోవచ్చు, అంత బాగా వచ్చాయి. ఆదివారం పొద్దున పెట్టె చంకన పెట్టుకుని డాక్టరుగారు చెప్పిన చోటికి వెళ్ళాను. కాగితాల గోడౌను పైన పొడవాటి హాలు. నాలుగు బల్లలు కలిపి పచ్చగుడ్డ పరిచారు. థర్మోకోల్ కొండలు, స్పాంజి చెట్లు, నీలం రంగు కొట్టిన ప్లాస్టిక్ ఏరు. తలలు నెరిసిన పెద్దమనుషులు డజనుమంది టేపులు పట్టుకుని, పొలం సరిహద్దు తగాదా తీరుస్తున్నట్టు బల్ల మీదికి వంగి ఉన్నారు.

వాళ్ళ మధ్యలోంచి ఒకమ్మాయి వచ్చి నా పెట్టెలోంచి ఒక గుర్రాన్ని తీసి కిటికీ వెలుగులోకి పట్టింది. అది తళుక్కుమంది. అప్పుడే అడిగింది, గుర్రమా స్కూటరా అని.

"గుర్రమేనండీ. మెటాలిక్ చెర్రీ."

"వెనక నంబరు ప్లేటు మర్చిపోయారు."

డజనుమందీ పగలబడి నవ్వారు. పళ్ళ డాక్టరుగారైతే తన పళ్ళన్నీ చూపించాడు. నా చెవులు వేడెక్కాయి.

"మీకు గుర్రాల గురించి బాగా తెలుసేంటి?"

"గుర్రానికి చెమట పడుతుందని తెలుసు. పాలిష్ పట్టదని తెలుసు."

"అయితే మీరు వేసినవి చూపించండి."

డజనుమందీ టేపుల మీదికి వంగిపోయారు. అడక్కూడనిది అడిగానని అర్థమైంది. ఆమె బుగ్గలు కందాయి. అయినా మొండిగా సంచిలోంచి ఆరుగురు సైనికుల్ని తీసి వరసగా నిలబెట్టింది. బట్టలు బాగానే ఉన్నాయి, చారల లాగులు, ఈకల టోపీలు. కళ్ళే... ఆరుగురికీ ఎవరో వెనకనుంచి గిల్లినట్టు గుడ్లు బయటికొచ్చి ఉన్నాయి.

"పాపం, యుద్ధమని వీళ్ళకెవరూ ముందు చెప్పలేదా?" అన్నాను.

ఈసారి నవ్వు నావైపు వచ్చింది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆమే. కడుపు పట్టుకుని, బల్ల అంచు మీద చెయ్యి ఆనించి నవ్వింది. తన మీద తను అలా నవ్వుకోగలిగిన మనిషిని అంతవరకూ నేను చూడలేదు. నాకు అది ఇప్పటికీ చేతకాదు.

*

ఆమె కళ్ళద్దాల షాపులో పనిచేసేది. వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేసేవాడు. అందరూ ఆయన్ని గడియారాల మాస్టారు అనేవారు. ఆదివారం యుద్ధాలు మొదలుపెట్టిందీ ఆయనే. ఐదొందల ఏళ్ళ కిందట ఇటలీ నేల మీద రాజులు కొట్టుకున్న కాలమట. రినైసాన్స్ అంటారని ఆయనే చెప్పాడు. ఒకపక్క గొప్ప గొప్ప బొమ్మలేశారు, ఒకపక్క ఒకళ్ళనొకళ్ళు పొడుచుకున్నారు. తాటిచెట్టంత ఈటెలు పట్టుకుని మనుషులు దడి కట్టినట్టు నిలబడేవాళ్ళు, వత్తి అంటించే తుపాకులతో ఎదుటివాళ్ళు కాల్చేవాళ్ళు. బల్ల మీద మేం చేసేదీ అదే. టేపుతో కొలిచి నడపడం, పాచికలు వేసి కాల్చడం. ఆరు పడితే ఒకడు చచ్చినట్టు.

మొదటి ఆటలోనే నాకో అనుమానం వచ్చింది.

"గుండు తగిలింది ముందు వరసలో వాడికి కదా. చివరి వరసలోంచి తీస్తున్నారేంటి?"

"ముందువాడు పడితే వెనకవాడు ఆ ఖాళీలోకొస్తాడు," అంది ఆమె. "అలా జరుగుతూ పోతే ఖాళీ అయ్యేది చివరి వరసే."

"అంటే ఏ పాపం ఎరగకుండా వెనక నిలబడ్డవాడు ముందు పోతాడా?"

"అవును. అందుకే ఇష్టమైనవాళ్ళని ముందు వరసలో పెట్టుకుంటాం. చివరిదాకా బల్ల మీద ఉంటారు. పోతే పోనీ అనుకున్నవాళ్ళని చివర్లో పెడతాం."

"నన్నైతే ఎక్కడ పెడతారు?"

"ముందు మీ గుర్రాలకి మెరుపు తగ్గించి తీసుకురండి. తర్వాత ఆలోచిద్దాం."

తగ్గించి తీసుకెళ్ళాను. ఆ తర్వాత ఏ ఆదివారమూ మానలేదు.

మాస్టారి సైన్యం చూడటానికి బయటివాళ్ళు కూడా వచ్చేవారు. నూట నలభై నాలుగు మంది, మూడు దళాలు. ఇరవై ఏళ్ళు కూర్చుని వేశాడు. ఏ మొహమూ ఇంకో మొహంలా ఉండదు. ఒకడికి పొంగిన బుగ్గ, ఒకడికి వంకర ముక్కు, ఒకడికి చెవి మీద పుట్టుమచ్చ.

"ఎవరు వీళ్ళంతా?" అని ఒకసారి ఆమెనడిగాను.

"గడియారం బాగుచెయ్యమని ఇచ్చి, మళ్ళీ రానివాళ్ళు."

"అందరూనా?"

"నాన్నకి మొహం గుర్తుంటుంది. ఏడాది చూస్తాడు. రాకపోతే ఆ మొహాన్ని సైన్యంలో చేర్చుకుంటాడు. షాపులో ఒక డ్రాయరు నిండా ఆ గడియారాలే. కీ ఇస్తాడు, తుడుస్తాడు, లోపల పెడతాడు."

"మరి జెండా పట్టుకున్నది ఆడమనిషి కదా? ఆమె ఏ గడియారం ఇచ్చింది?"

ఆమె టేపు చుట్టేస్తూ, "మీ వంతు, పాచికలెయ్యండి," అంది.

వేశాను. మూడు ఆరులు పడ్డాయి. ఆ సంతోషంలో మళ్ళీ అడగలేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతని అప్పుడు నాకు తోచలేదు.

*

వానాకాలం మొదట్లో ఒకరోజు వాన మొహం చూసి, కావాలనే గొడుగు వదిలేసి ఆమె షాపు ముందునుంచి నడిచాను. అనుకున్నట్టే వాన దంచింది. అనుకున్నట్టే లోపలికి దూరాను.

"కళ్ళు పరీక్ష చేయించుకోవాలండీ," అన్నాను, జుట్టు పిండుకుంటూ.

"ఏం కనపడట్లేదు?"

"మీరు తప్ప ఏమీ కనపడట్లేదు."

"అది కళ్ళ జబ్బు కాదు. దానికి వేరే డాక్టరున్నాడు. కూర్చోండి."

చిన్న స్కేలు తీసి నా ముక్కు దూలం మీద ఆనించింది. ఆమె మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. వాన గాజు తలుపు మీద ఎవరో గుప్పెళ్ళతో మరమరాలు చల్లుతున్నట్టు పడుతోంది.

"ఏం చేస్తున్నారు?"

"ఈ కంటిపాపకీ ఆ కంటిపాపకీ ఎంత దూరమో కొలుస్తున్నా. కదలకండి. సూటిగా చూడండి."

"సూటిగానే చూస్తున్నా."

"స్కేలుని కాదు, నన్ను."

చూశాను. ఆమే ముందు కళ్ళు దించుకుంది. స్కేలు జారింది. మళ్ళీ పెట్టి, చాలాసేపు చూసి, "అరవై మూడు," అంది మెల్లగా.

"మంచిదేనా?"

"మామూలే. ఒకసారి పెద్దయ్యాక ఆ కొలత ఇక మారదు. కళ్ళు మసకబారతాయి, గుడ్డివౌతాయి, అది మాత్రం మారదు." ఆగి, నా కుడి కనుబొమ వైపు చూసింది. "ఈ గాటేంటి?"

"గన్ను పేలింది. స్ప్రే గన్నే లెండి."

"ఇంకో అంగుళం కిందకైతే కన్ను పోయేది. జాగ్రత్త తెలీదా నీకు?"

మీరు కాస్తా నువ్వైంది. ఇద్దరం గమనించాం. ఇద్దరం పైకి అనలేదు.

*

ఆ ఏడాదే మాస్టారి చూపు తగ్గిపోయింది. కంట్లో ఒత్తిడి అన్నారు. చుట్టూ చీకటిపడి, మధ్యలో చూపు మాత్రం మిగిలింది, గొట్టంలోంచి చూసినట్టు. గడియారాలు చూసే భూతద్దం కంటికి పెట్టుకుంటే ఇంకా వేసిన గీత పోల్చగలిగేవాడు. బల్ల మొత్తం చూడలేకపోయేవాడు. అందుకని సైనికుల్ని వేళ్ళతో తడిమి లెక్క చూసుకునేవాడు. తడిమి తడిమి ముక్కుల మీద రంగు లేచిపోవడం మొదలైంది.

"గట్టి వార్నిష్ పొర పడాలి," అంది ఆమె. "క్లబ్బులో అందరి కంటే నీ చెయ్యి నమ్మకం. నాన్నని ఒప్పించాను. వచ్చే ఆదివారం పెద్ద యుద్ధం. బహుశా ఆయనకి చివరిదేమో. అప్పటికి ఇవ్వగలవా?"

"ఇస్తాను."

"ఇంకోటి." గోడ మీద లేని గీత ఏదో గోటితో గీకింది. "బొమ్మలతోపాటు నిన్ను కూడా రమ్మన్నాడు నాన్న, కూర్చుని మాట్లాడాలట. ఆ రోజు ఆట అయ్యాక."

"ఏం మాట్లాడాలి?"

"ఏమో. వయసొచ్చిన కూతురున్న తండ్రి, కుర్రాణ్ణి కూర్చోబెట్టి యుద్ధతంత్రం మాట్లాడతాడేంటి?"

సైన్యం సర్దిన మూడు చెక్క ట్రేలు రెండు చేతుల మీద మోసుకుంటూ వెళ్ళాను. కడవ నిండా నీళ్ళు మోసేవాడి నడక నాది ఆ రోజు.

ఆ వారమంతా వాన. వానలో క్లియర్ కొట్టకూడదు, తెల్లబారుతుంది. షెడ్డులో చేరిన మొదటి రోజు ఓనరు నాకు నేర్పిన మొదటి పాఠం అది. గురువారం కూడా అన్నాడు, "తొందరేంట్రా, ఎండ రానీ" అని. నాకు ఆదివారం ముంచుకొస్తోంది. వేలెడంత బొమ్మలకి తేమేం తగుల్తుందిలే అనుకున్నాను. మధ్య దళంలో ముందు వరస పన్నెండుమందినీ తీసి, షెడ్డు మూల నిలబెట్టి, గన్ను ఎత్తాను.

కళ్ళముందే తెల్లగా మసక కమ్మింది. పన్నెండు మొహాల మీదా బూజు పట్టినట్టు.

అప్పటికైనా చేతులు కట్టుకుని కూర్చోవాల్సింది. కానీ పనివాణ్ణి కదా, మందు తెలుసు నాకు. కారు బానెట్టు ఇలా తెల్లబారితే, నిదానంగా ఆరే థిన్నరు పలచగా చల్లుతాం. పొర కరిగి, సర్దుకుని, మళ్ళీ అద్దంలా తేలుతుంది. వందసార్లు చేశాను. నూటొకటోసారి చేశాను.

కార్ల రంగు తట్టుకుంటుంది. మాస్టారు వాడింది నీళ్ళల్లో కలిపే రంగు. మసక పోయింది. దానితోపాటు మొహాలూ పోయాయి. ముక్కులు, కనుబొమలు, పుట్టుమచ్చలు అన్నీ కలిసి గడ్డాల మీదికి జారిపోయాయి. పన్నెండుమంది, మధ్యలో జెండా పట్టుకున్నావిడతో సహా.

ఆ పూట నేను అన్నం తిన్నానో లేదో గుర్తులేదు. శుక్రవారం, శనివారం సెలవు పెట్టి, పన్నెండు మొహాలూ మళ్ళీ వేశాను. పెద్ద తప్పు చేసినవాడు చిన్న పని ఎంత బాగా చేస్తాడో! నిజం చెప్తున్నా, అంత చక్కటి మొహాలు మళ్ళీ ఎప్పుడూ వెయ్యలేదు. కళ్ళు సమానంగా, పాపలు సరిగ్గా మధ్యలో. జెండా ఆవిడ దగ్గర మాత్రం ఆగిపోయాను. ఎంత ఆలోచించినా ఆ మొహం గుర్తుకు రాలేదు. నాకు కంఠతా వచ్చిన ఆడమొహం ఒక్కటే ఉంది. అదే వేశాను. శనివారం ఎండొచ్చింది. మిగతావాళ్ళకి శుభ్రంగా వార్నిష్ పడింది.

*

ఆదివారం. ట్రేలు బల్ల మీద పెట్టానో లేదో ఆమె ముందుకొచ్చింది. చూపు మొదటి వరస మీద పడింది. రోజంతా మనుషుల కంటిపాపలు కొలిచే మనిషి. చిటికెలో పట్టేసింది.

నన్ను కిటికీ దగ్గరకు లాగింది.

"వీళ్ళు సూటిగా చూస్తున్నారు."

"ఏమన్నావ్?"

"నాన్న సైనికుల్లో ఒక్కడు కూడా సూటిగా చూడడు. అందరి చూపూ పక్కకే. వెళ్ళిపోయేవాళ్ళు మొహంలోకి చూడరమ్మా అంటాడు. ఏం చేశావు?"

నేను బయట వాన వెలిసిందా లేదా అన్నట్టు చూస్తూ నిలబడ్డాను.

"చూడు, ఏదో అయింది. అయితే అయింది. ఆయన అడక్కముందే నువ్వెళ్ళి చెప్పు. చాలు."

చెబుదామనే వెళ్ళాను. అప్పటికే మాస్టారు భూతద్దం కంటికి బిగించి జెండా మనిషిని చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. దగ్గరగా, దూరంగా, మళ్ళీ దగ్గరగా.

"పెయింటరూ, వీళ్ళకేమైనా అయిందా?"

డజనుమంది నావైపు చూస్తున్నారు. పళ్ళ డాక్టరుగారు టేపు పట్టుకుని ఆగిపోయాడు. ఎనిమిదో తరగతిలో బోర్డు దగ్గర నిలబెట్టి లెక్క చెప్పమన్నప్పుడు నోరెలా ఎండిపోయిందో అలా ఎండిపోయింది.

"ఏం కాలేదు మాస్టారూ. దుమ్ము దులిపి వార్నిష్ కొట్టానంతే."

"మొహాలు... ముట్టుకోలేదా?"

"లేదు మాస్టారూ."

ఆయన చిన్నగా నవ్వాడు. "అయితే నా కళ్ళేనన్నమాట. జెండా మనిషిలో మా అమ్మాయి కనబడుతోందోయ్ నాకు. ఇంతదాకా వచ్చింది." భూతద్దం తీసి, గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి మూత వేశాడు. "డాక్టరుగారూ, ఇవాళ నా వైపు మీరు నడపండి. నేను వింటూ కూర్చుంటాను."

ఆట అయ్యాక నన్ను కూర్చోమని ఆయన అనలేదు. నేనూ అడగలేదు.

మెట్లమీద ఆమె నన్ను ఆపింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

"ఆ జెండా పట్టుకున్నది ఎవరనుకున్నావు?"

"కస్టమరు కదా..."

"మా అమ్మ. నాకు ఏడేళ్ళప్పుడు చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఇంట్లో ఒక్క ఫోటో లేదు, కోపంలో నాన్నే తగలేశాడు. తర్వాత కూర్చుని ఆ ఒక్క మొహం వేసుకున్నాడు. ఆవిడ ఎలా ఉంటుందో నాకు అందులోనే తెలుసు."

మెట్ల రెయిలింగు చల్లగా ఉంది. దాన్ని పట్టుకుని నిలబడ్డాను.

"దాని గురించి నేనిప్పుడు ఏమీ అనట్లేదు," అంది. "పోయింది పోయింది. కానీ మిగిలిన ఆ కాస్త చూపు కూడా పోయిందనుకుంటున్నాడు మనిషి. ఉన్న కళ్ళని నమ్మడం మానేశాడు. నువ్వు వచ్చి, నేనే వేశానని ఒక్క ముక్క చెప్పు. నేను చెప్పలేక కాదు. నువ్వు చెప్పాలి."

"చెప్తాను."

"ఎప్పుడు?"

"రేపు."

నా మొహంలోకి చూసింది. నేను ఎక్కడికి చూశానో నాకు తెలుసు.

మర్నాడు గడియారాల షాపు ఎదురుగా, రోడ్డుకి ఇవతల నిలబడ్డాను. లోపల ఆయన ఒక గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. భూతద్దం పెట్టె మూసే ఉంది. రోడ్డు దాటడానికి పదడుగులు. దాటలేదు. ఎల్లుండి వద్దామనుకున్నాను. తీరా ఆ రోజు ఇంకో ఊళ్ళో పెద్ద షెడ్డులో ఉద్యోగం ఉందని కబురొచ్చింది. ఏసీ గది, ఎంత వాన పడుతున్నా క్లియర్ కొట్టుకోవచ్చు. వెళ్ళిపోయాను. వాళ్ళు నన్నెలాగూ క్షమించరులే, మొహం మీద తలుపు వేయించుకోవడమెందుకు అని నాకు నేను చెప్పుకున్నాను. పద్దెనిమిదేళ్ళపాటు అదే చెప్పుకున్నాను. చెప్పగా చెప్పగా నిజమే అనిపించింది. ఒక్కోసారి తప్పు వాళ్ళదే అని కూడా అనిపించేది, అన్యాయం కాకపోతే.

*

పోయిన నెల నా షెడ్డుకి ఒక ముసలాయన కారు తెచ్చాడు. తలుపు మీద గీత మళ్ళీ గీయించుకోవాలట. పళ్ళ డాక్టరుగారే. ఇప్పుడు ఆయనవన్నీ కట్టుడు పళ్ళు.

"పెయింటరూ! బతికే ఉన్నావటోయ్? మా ఊరికి మూడు గంటల దూరంలో ఉండి ఒక్కసారైనా కనపడకూడదా?"

"ఆటలు ఇంకా సాగుతున్నాయా?"

"ఆ అమ్మాయే నడిపిస్తోంది. మాస్టారు పోయి నాలుగేళ్ళైంది. ఆదివారం రా ఓసారి. పెళ్ళయిందిలే, మరీ భయపడకు. మొగుడికి యుద్ధాలంటే గిట్టదు. మొగుళ్ళు ఇంట్లో చేసేది చాలనుకుంటారు."

వెళ్ళాను. గోడౌను అదే, మెట్లు అవే. ఆమె బల్ల అవతల టేపు పట్టుకుని ఉంది. చెంపలు నెరిశాయి. నన్ను చూసి ఉలిక్కిపడలేదు. నా కళ్ళజోడు వైపు చూసింది.

"ఎవరిచ్చారిది?"

"బజార్లో కొన్నాను. దగ్గరవి కనపడట్లేదు."

"అద్దాల సెంటరు తప్పింది. తలనొప్పి రావట్లా? నీది అరవై మూడు."

తుపాకీ గుండు తగిలితే ఎలా ఉంటుందో నాకు తెలీదు. బల్ల మీద పాచిక పడినట్టే ఉంటుంది కాబోలు, చిన్న చప్పుడు, అంతే.

"మాస్టారికి... తెలిసిందా?" అని అడిగాను.

"బుధవారం దాకా నీకోసం చూసి నేనే చెప్పాను. ఎంత సంతోషపడ్డాడో! 'అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట' అని నవ్వాడు. మళ్ళీ భూతద్దం తీశాడు. ఇంకో మూడేళ్ళు పనిచేశాడు దాంతో."

"కోపం రాలేదా?"

"అమ్మ మొహం పోయినందుకు ఒక పూట షాపు తెరవలేదు. తర్వాత, ఆ కుర్రాడికి మా అమ్మాయి మొహం బాగా వచ్చిందే అన్నాడు. నీకోసం ఆ మూల కుర్చీ వేయించి మూడు ఆదివారాలు కూర్చున్నాడు. వస్తాడు, కూర్చోబెట్టి మాట్లాడాలి అని."

నేను మూల వైపు చూడలేదు.

"ఒక్క కబురు పంపాల్సింది."

"నేనెందుకు పంపాలి?" గొంతు పెంచలేదు. "మా ఇంటికి నీ షెడ్డు ఎంత దూరమో, నీ షెడ్డుకి మా ఇల్లూ అంతే దూరం."

 కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాను.

డాక్టరుగారు తన తుపాకుల దళాన్ని నాకిచ్చాడు, "ఒక్క ఆట ఆడవోయ్," అని. ఎదురుగా ఆమె మాస్టారి సైన్యాన్ని దించింది. మధ్య దళం ముందు వరసలో నేను వేసిన పన్నెండుమందీ ఉన్నారు, చెక్కుచెదరకుండా, సూటిగా చూస్తూ. మధ్యలో జెండా పట్టుకుని అప్పటి ఇరవై ఒక్కేళ్ళ ఆమె. వాళ్ళ వెనక పాతవాళ్ళు, పక్కచూపుల వాళ్ళు.

చివరి వరసలో, కుడి చివర, ఒక కొత్త సైనికుడు.

కళ్ళజోడు పైకి తోసి వంగి చూశాను. వేసింది మాస్టారు కాదు. గుడ్లు పెద్దవిగా, ఎవరో గిల్లినట్టు ఉన్నాయి. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. కుడి కనుబొమ మీద సన్నటి గాటు. కళ్ళు మాత్రం పక్కకి చూస్తున్నాయి.

తలెత్తాను. ఆమె నావైపే చూస్తోంది, సూటిగా.

"మీ వంతు," అంది.

టేపుతో కొలిచాను. దూరం సరిపోయింది. ఐదు పాచికలు అరచేతిలోకి తీసుకున్నాను. ఒక్కొక్కటే వేసే అలవాటు నాది. మొదటిది వేశాను. బల్లమీద దొర్లి దొర్లి ఏటి ఒడ్డున ఆగింది.

ఆరు.

 ఆమె చెయ్యి చాచింది. ముందు వరస దాటి, రెండో వరస దాటి, చివరి వరస దాకా వెళ్ళింది. కుడి చివరనున్న వాణ్ణి రెండు వేళ్ళతో ఎత్తి, ఒక్క క్షణం పట్టుకుని, బల్ల బయట పడుకోబెట్టింది.

నా గుప్పిట్లో ఇంకా నాలుగు పాచికలున్నాయి.

"వెయ్యండి, పెయింటరు గారూ," అంది.